నాయన వంచని వెదురు

విమానానికి అడ్డం వస్తాయని మా చేని గట్టు మీది కానుగ చెట్లు కొట్టించారు. ఆ ఏడాది నుంచి మా ఇంటికి చెప్పుకోదగ్గ మంచి ఏదీ జరగలేదు. ఈ మాట అంటే మా వీధి పిల్లలు నవ్వుతారు. నాగలమడిక పక్కన, పెన్న ఇసుక తప్ప మరేమీ లేని మన ఊరికి మహారాజుల కాలంలో విమానం ఎందుకొస్తుందవ్వా, కల కన్నట్టున్నావు అంటారు. కల అయితే నాకూ సంతోషమే. ఆ మొద్దులు ఇప్పటికీ గట్టు మీద ఉన్నాయి, పోయి చూసుకోమంటాను. ఎవరూ పోరు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. నా పెళ్లీ, మొగుడు పోవడమూ రెండూ అప్పటికే అయిపోయాయి. పుట్టింట్లో నాయనా నేనూ ఇద్దరమే. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మాకు ఉన్నది నదికి ఎగువన ఒక మెట్ట చేను, ఒక జత ఎద్దులు, ఊళ్లో కాస్త మర్యాద. మర్యాద కడుపు నింపేది కాదు గానీ, నాయన దాన్ని తిండి కన్నా భద్రంగా చూసుకునేవాడు. ఎందుకంటే మాది నందికోల ఇల్లు.

నందికోల అంటే తెలియనివాళ్లకు చెప్తాను. వీరభద్రస్వామి ఊరేగింపులో దేవుడి ముందు నడిచే పొడవాటి కోల అది. మనిషి మీద మనిషి, ఆ పైన ఇంకో మనిషి నిలబడినంత ఎత్తు. కింద నుంచి పై దాకా ఇత్తడి బిళ్లలు, కొసన చిన్న నంది, దాని పైన గుడ్డ జెండా. నడుముకు తోలు పట్టీ కట్టుకుని, దానికి కుట్టిన గూట్లో కోల మొదలు దించి, రెండు చేతులతో నిటారుగా పట్టుకుని, తప్పెట దెబ్బకు అడుగు వేస్తూ ఊరంతా తిరగాలి. గుడి నుంచి బయటికి వచ్చిన కోల మళ్లీ గుడికి చేరేదాకా వంగకూడదు, దేనికీ ఆనుకోకూడదు, నేలను తాకకూడదు. ఎవరి చేతిలో పడుతుందో ఆ ఇంటివాళ్లు మళ్లీ దాన్ని ముట్టకూడదు. మా తాత చేతిలో పడలేదు, నాయన చేతిలోనూ పడలేదు. గాలి ఎంత కొట్టినా నాయన మెడ నరాలు ఉబ్బేవి గానీ కోల పక్కకు ఒరిగేది కాదు. ఆ ఒక్క రోజు ఊరంతా మా ఇంటి ముందు ఆగి టెంకాయలు కొట్టేది. మిగతా రోజుల్లో మా చేనికి నీళ్లు లేవు, మా ఇంటికి సరైన తలుపు లేదు. ఆ సంగతి ఊరికి అక్కర్లేదు.

ఆ ఏడు తొలకరి బాగానే పడింది. వేరుశనగ జానెడు ఎత్తుకు వచ్చింది. అంతలో గొంగళి పురుగు దిగింది. మా వైపు కంబళిపురుగు అంటారు. ఒంటి నిండా ఎర్రటి వెంట్రుకలతో, ఒక చేను తినేసి గొర్రెల మంద కదిలినట్టు కదిలి పక్క చేనికి పోయేది. ఆడవాళ్లం చాటల్లోకి ఏరి గుంటల్లో పోసి కాల్చేవాళ్లం. చేతులంతా దద్దుర్లు లేచేవి. పురుగు దాటకుండా గట్ల పక్కన కాలువలు కూడా తవ్వాం. ఎంత ఏరినా తెల్లవారేసరికి మళ్లీ అంతే ఉండేది.

అప్పుడు బెంగళూరు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. పురుగుల మందును విమానంలో తెచ్చి పైనుంచి చల్లుతామని, ఇది కొత్త ప్రయోగమని, తాలూకా మొత్తంలో మా ఊరి మెట్టనే ఎంచుకున్నామని చావడి దగ్గర కన్నడంలో పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. అంతటి అదృష్టం పట్టినందుకు మేము చప్పట్లు కొట్టాలని కాసేపు ఆగి చూశాడు కూడా. ఆయన వెంట విమానం నడిపేవాడు వచ్చాడు. వాడు ఉట్టి పిల్లవాడు, మీసం కూడా సరిగా రాలేదు. ఉత్తరాది నుంచి వచ్చి, యుద్ధంలో విమానం నేర్చుకున్నాడట. తెలుగూ రాదు, కన్నడమూ రాదు.

ఆఫీసరు మాట్లాడుతున్నంతసేపూ ఆ పిల్లవాడు అక్కడ నిలబడలేదు. ఒక్కడే చేలగట్లన్నీ తిరిగాడు. బావి దగ్గర ఎద్దులతో నీళ్లు తోడే కపిలకు నిలబెట్టిన రాతి కంబాలు చూశాడు. పిట్టలు తోలే మంచెలు చూశాడు. ప్రతి చెట్టు దగ్గరా ఆగి, తల ఎత్తి, అరచేతిని విమానంలా దాని మీదికి పోనిచ్చి, కుదరదన్నట్టు తల ఊపాడు. మందు సరిగా పడాలంటే విమానం చేని మీద మనిషి తలకు కాస్త పైన పోవాలట. అంత కింద పోయేదానికి చెట్టయినా ముప్పే, కంబమైనా ముప్పే. అన్నిటికన్నా వాడికి భయం తీగలంటే. రెండు చేతులూ బారుగా చాచి, మధ్యలో గీత గీసినట్టు చూపించి, ఉన్నాయా ఉన్నాయా అని ఎదురుపడిన వాళ్లందరినీ అడిగాడు. చెట్టయితే కనిపిస్తుంది, తీగ తగిలేదాకా కనిపించదని వాడి భయమని ఆఫీసరు చెప్పాడు. మా ఊళ్లో తీగ ఎక్కడిది? కరెంటు లేదు, తంతి లేదు. లేదని తల ఊపితే వాడి మొహంలోకి వచ్చిన నవ్వు నాకు ఇంకా గుర్తుంది.

మరునాడే ఉత్తరువు వచ్చింది. మంచెలు పీకేయాలి, కపిల దూలాలు దించేయాలి, విమానం పోయే దారిలో చెట్లు కొట్టేయాలి. మా గట్టు మీది కానుగలు అమ్మ నాటినవి. వాటి ఆకు చేనికి ఎరువు, గింజ దీపానికి నూనె, నీడ మాకు మధ్యాహ్నం సంగటి తినే చోటు. ఆ చెట్లకు గొడ్డలి నాయన చేతనే పట్టించారు.

“మల్లా చిగురేస్తాయిలే అమ్మీ,” అంటూ నాయన నడుమెత్తున మొద్దులు వదిలి కొట్టాడు.

మా వైపు కానుగను ఎవరూ నేలమట్టంగా కొట్టరు. ఆ ఎత్తున వదిలితే మళ్లీ గుబురుగా వస్తుంది. ఆ పిల్లవాడు అప్పటికే విమానం తేవడానికి వెళ్లిపోయాడు. ఆఫీసరు చావడి అరుగు మీద నుంచి చూసి, చెట్లు పడిపోయాయని తృప్తిపడ్డాడు. గట్టు దాకా నడిచి ఉంటే మొద్దులు కనిపించేవి. ఎండగా ఉందని నడవలేదు.

ఇక జెండాలు. చేనికి ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు జెండా పట్టుకుని నిలబడాలి. విమానం ఆ రెంటినీ గురి చూసుకుని నేరుగా మందు చల్లుకుంటూ పోతుంది. ఒక బారు అయ్యాక ఇద్దరూ పక్కకు జరిగి మళ్లీ నిలబడాలి. మా మెట్టకు పడమర ఒక దిన్నె ఉంది, తూర్పు చివర పల్లం. విమానం పడమటి నుంచి వస్తుంది కాబట్టి దిన్నె మీద నిలబడేవాడికి చిన్న జెండా చాలు. పల్లంలో ఉన్నవాడి జెండా మాత్రం దిన్నె అవతలి నుంచే కనిపించాలి. అందుకు పొడవాటి వెదురు కావాలి. ఆషాఢపు గాలిలో అంత పొడవు వెదురును కదలకుండా పట్టేది ఎవరు? ఊరంతా ఒకేసారి నాయన వైపు తిరిగింది. నాయన ఛాతీ కాస్త పొంగడం నేను చూశాను. దిన్నె మీది చిన్న జెండాకు ఊరి తలారిని పెట్టారు.

విమానం వచ్చి ఎండిన చెరువులో దిగింది. రెండు వరుసల రెక్కలతో, ఎగిరే దానికన్నా ఎండలో ఆరేసిన దానిలా ఉంది. ఊరంతా దాని చుట్టూ మూగింది. ఆ పిల్లవాడు మాత్రం నేరుగా నాయన దగ్గరికి వచ్చాడు. ఒక అరచేతిని విమానం చేసి దిన్నె దాటించాడు. అది దాటగానే రెండో అరచేతిని బోర్లించి కిందికి రెండు సార్లు నొక్కాడు. జెండా దించు, దించు అని. తరువాత తనే గొంతుక్కూర్చుని తల మీద చేతులు పెట్టుకున్నాడు. నాయన కూడా అలాగే వెదురు దించి కూర్చుని చూపించాడు. అందరూ నవ్వారు. ఆ పిల్లవాడు నవ్వకుండా ఇంకోసారి చేయించాడు.

చుట్టుపక్కల ఊళ్ల శిస్తు చూసే అధికారి, హోబళి శేకదారు, తెలుగులో కూడా చెప్పాడు. “చూడప్పా, జెండా కనిపించేంతసేపే పని. దిన్నె దాటినాక దించేయల్ల, కుచ్చోవల్ల. నిలబెట్టుకోనుంటే ఇమానానికి తగుల్తాది. తెలిసిందా?”

“తెలిసింది సామీ,” అన్నాడు నాయన.

తెలియలేదని తరువాత ఎవరెవరో అన్నారు. అబద్ధం. మా నాయనకు బాగా తెలిసింది. నేను పక్కనే ఉన్నాను.

చెడగొట్టింది ఆ సాయంత్రం. నాయనకు తమ్ముడి వరస అయ్యే దాయాది ఒకాయన ఉన్నాడు. నాకు చిన్నాయన. నందికోల తమ ఇంటికి రావాల్సిందని, పాతకాలంలో ఎప్పుడో అన్యాయంగా మా ఇంటికి వచ్చిందని ఆయన బాధ. ఆ బాధ మాకు తెలుసు గానీ, ఆ రోజు ఆయన టెంకాయ పట్టుకుని మా ఇంటికి వస్తే సంతోషపడ్డాం.

“ఊరి పంట కాపాడే కోల అన్నా ఇది,” అన్నాడు ఆయన. “ఉత్త వెదురు మాదిరి ఎట్ల పట్టుకోని పోతావు? పూజ చేసుకోనే పోదాం.”

ఊరికి ఇలాంటివి చెప్పాల్సిన పనేముంది! పూజారి వచ్చి వెదురుకు విభూతి పట్టెలు తీశాడు. పసుపు తాడుతో తమలపాకు కట్టాడు. సర్కారు ఇచ్చిన తెల్ల జెండా కింద వీరభద్రుడి ఎర్ర గుడ్డ చేరింది. తప్పెటలు మోగాయి. మొదటి టెంకాయ చిన్నాయనే కొట్టాడు. నాయన లోపలికి పోయి, జాతరకు తప్ప ఎన్నడూ దించని తోలు పట్టీని చిలక్కొయ్య మీద నుంచి దించాడు.

అందరూ పోయాక నాయన అరుగు మీద కూర్చుని పట్టీకి నూనె రాస్తున్నాడు.

“నాయనా, ఆ పిల్లోడు చెప్పింది గుర్తుండాదా?” అని అడిగాను.

“ఉండాది.”

“మరి దించుతావు గదా?”

చాలాసేపు పట్టీనే రుద్దాడు. “పూజ చేసినారు గదమ్మీ. పూజ చేసిన కోలను నడిమధ్యలో ఎట్ల దించేది?”

“అది సర్కారు వెదురు నాయనా!”

“టెంకాయ కొట్టకముందు సర్కారు వెదురే.”

నేను ఏడ్చాను, తిట్టాను, చచ్చిన అమ్మ మీద ఒట్టు పెట్టాను. ఆయన నా తల మీద చేయి వేసి, వీరభద్రుడు చూసుకుంటాడులే, ఇమానం కొంచెం పైన పోతుందిలే అన్నాడు. మా నాయన తప్పు లేదని నేను ఎన్నడూ అనను. అంత మొండి మనిషిని కన్నందుకు మా అవ్వను కూడా తిట్టుకున్న రోజులున్నాయి. కానీ ఆ మొండితనాన్ని మెచ్చుకుని, దానికి ఏడాదికొకసారి దండలు వేసి పెంచింది ఊరే. అవసరం తీరాక అదే మొండితనం ఊరికి తప్పుగా కనిపించింది.

మరునాడు పొద్దు పొడవకముందే చేని దగ్గరికి చేరాం. గాలి లేవకముందే మందు చల్లాలట. నాయన తలస్నానం చేసి, ఏమీ తినకుండా, నడుముకు పట్టీ కట్టుకుని తూర్పు చివర నిలబడ్డాడు. ఆయన వెనక కొంచెం దూరంలో గట్టు, గట్టు మీద కానుగ మొద్దులు. మేమంతా ఉత్తరం వైపు బండల దగ్గర ఉన్నాం. ఆఫీసరు మాకు ముందు, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

సూర్యుడు అప్పుడే లేస్తున్నాడు. విమానం దిన్నె దాటి వచ్చింది. తలారి జెండా పారేసి బోర్లా పడుకున్నాడు. నాయన కదల్లేదు. ఆ పిల్లవాడు దూరం నుంచే చూశాడనుకుంటాను, చేను సగం కూడా కాకముందే విమానాన్ని పైకి లేపేశాడు. మందు తెల్లగా సగం చేని మీదే పడింది. నాయన పక్కకు జరిగి మళ్లీ నిలబడ్డాడు. రెండో బారూ అలాగే అయింది. ఈసారి నాయన తల మీదుగా పోతూ ఆ పిల్లవాడు ఒక చేయి బయటికి చాచి కిందికి కిందికి ఊపాడు. నేను గొంతు చించుకుని అరిచాను. “నాయనా, దించు! నాయనా, కుచ్చో!” ఆ మోతలో నా అరుపు నాకే వినిపించలేదు.

ఆఫీసరు కుర్చీలోంచి లేచాడు. జెండా దించమని మనిషిని పంపుతాడేమో అనుకున్నాను. తూర్పు సగంలో మందు పడటం లేదని ఆయన కోపమంతా విమానం మీద. రుమాలు తీసి, ఇంకా కిందికి, ఇంకా చివరిదాకా అని ఆ పిల్లవాడికే సైగ చేశాడు. పక్కనున్న శేకదారు ఏదో చెప్పబోతే చేత్తో నోరు మూయించాడు.

మూడోసారి వచ్చేసరికి పొద్దు పూర్తిగా లేచి, నేరుగా ఆ పిల్లవాడి కళ్లలో పడుతోంది. ముందు చల్లిన మందు గాలి లేక ఇంకా చేని మీదే పొగలా తేలుతోంది. విమానం కింద నుంచే వచ్చింది. చివరి నిమిషంలో వాడికి వెదురు కనిపించి ఉండాలి, ముక్కు పైకి లేచింది. చక్రం వెదురుకు తగిలింది.

కట్టె విరిగినట్టు చిన్న చప్పుడు, అంతే. వెదురు పై సగం, దాని జెండాలు, చక్రానికి చుట్టుకుని పోయాయి. విమానం ఒక పక్కకు ఒరిగి గట్టు వైపు దిగింది. ఆ చేను చదును, మన్ను మెత్తన. ఇంకేమీ లేకుంటే అలా దొర్లి ఆగేదేమో. కానుగ మొద్దులు దాని రెక్కలను చీల్చేశాయి.

మేము పరుగెత్తేసరికి నాయన మోకాళ్ల మీద ఉన్నాడు. కుడి భుజం గూడు తప్పి, చేయి వేలాడుతోంది. ఎడమ చేత్తో విరిగిన వెదురు సగాన్ని ఇంకా నిటారుగానే పట్టుకుని ఉన్నాడు. ఆ చేతిని విడిపించడానికి ఇద్దరు మగవాళ్లు కావలసి వచ్చింది.

ఆ పిల్లవాడిని రెక్కల కిందనుంచి లాగారు. మొహమంతా తెల్లని మందు, దాని మీద రక్తం. నడుము కింద ఏదీ సరిగా లేదు. మా ఇంటి నులక మంచం తెచ్చి దాని మీద పడుకోబెట్టి, మా ఎద్దుల బండిలోనే పావగడకు పంపారు. బండి నాయన పక్కగా పోయింది. ఆ పిల్లవాడి కళ్లు సగం తెరిచి ఉన్నాయి. ఎవరిని చూశాడో నాకు తెలియదు. అరచేయి ఒకటి పైకెత్తి, బోర్లించి, గాల్లో కిందికి నొక్కుతూ ఉన్నాడు. బండి మలుపు తిరిగేదాకా ఆ చేయి అలాగే ఆడింది. నాయన అది చూశాడు.

పావగడ నుంచి వాణ్ణి మోటారులో తుమకూరు వైపు తీసుకుపోయారని బండి తోలుకుని తిరిగొచ్చినవాడు చెప్పాడు. మాకు తెలిసింది అంతే. ఆఫీసరు ఆ రోజే వెళ్లిపోయాడు. పోతూ పోతూ మా అందరికీ వినిపించేలా అన్నాడు. దారిలో ఉన్న అడ్డాలన్నీ నేను తీయించాను, ఒక మనిషి తానే అడ్డమై నిలబడితే నన్నేం చేయమంటారు అని. అమ్మ చెట్లు అడ్డం, మా మంచె అడ్డం, చివరికి మా నాయన అడ్డం. ఆయన రుమాలు మాత్రం దేనికీ అడ్డం కాలేదు. మందు పడిన చోట పురుగు చచ్చిన మాట నిజం. పడని చోట ఉన్నది దర్జాగా మిగతా చేనంతా తిన్నది.

ఎముకలు కట్టేవాడు వచ్చి నాయన భుజం సరిచేశాడు. సరిచేశానని అతను అన్నాడు గానీ ఆ చేయి మళ్లీ నోటి దాకా కూడా లేవలేదు. అన్నం ఎడమ చేత్తో తినడం నేర్చుకున్నాడు. నొప్పి గురించి ఒక్క మాట అనేవాడు కాదు. అరుగు మీద కూర్చుని, పావగడ వైపు పోయే ప్రతి మనిషినీ ఆపేవాడు.

“ఆ పిల్లగాడు ఎట్లుండాడో రవంత కనుక్కోనొస్తావాప్పా?”

సంతకు పోయేవాళ్లు, కోర్టుకు పోయేవాళ్లు, అందరూ “అట్లనే” అని పోయేవాళ్లు. తిరిగొచ్చాక ఎవరికీ తెలియదనేవాళ్లు. ఒకసారి శేకదారునే అడిగాడు. “అదంతా నీకేంటికప్పా, నిన్ను ఠాణాకు పిలవకుండా ఉండారు, అది చాలు,” అని ఆయన పోయాడు. బతికాడని చెప్పినా సరే, పోయాడని చెప్పినా సరే, ఎవరో ఒకరు ఒక మాట చెప్పి ఉంటే నాయన ఆ అరుగు దిగేవాడేమో.

ఆ తరువాత కొన్నాళ్లకు వీరభద్రస్వామి గుళ్లో ఊరు కూడింది. చిన్నాయనే లేచాడు. కళ్లు తుడుచుకుంటూ మరీ మాట్లాడాడు. “అన్న మీద నాకేం కోపం లేదు. అయితే ఆ వెదురుకు మనమే పూజ చేసినాం. టెంకాయ నేనే కొట్టినాను. పూజ చేసినాక అది నందికోలే గదా? అన్న చేతిలో అది ఇరిగిపడింది. ఊరికి కీడు రాకుండా ఉండల్లంటే కట్టుబాటు ఏం చెప్తాదో అట్ల చేయల్ల.”

అందరూ తలలు ఊపారు. ఆడవాళ్లం మాట్లాడకూడని చోటు అది. అయినా నేను అన్నాను. “పడకూడదని గదా ఆయన చేయి పోగొట్టుకునింది! దించింటే మీరే తిట్టేవోళ్లు. దించకపోతే మీరే కోల లాక్కుంటాండారు. ఇదేం న్యాయమప్పా?” నాయన తోలు పట్టీని తానే చిన్నాయన ఒళ్లో పెట్టి, నా చేయి పట్టుకుని ఇంటికి నడిచాడు.

మాఘంలో జాతర వచ్చింది. ఈలోపల సర్కారు తంతి కంబాలు నాటింది. మా ఇంటి పక్కనే కంబం, దాని మీద నుంచి వీధికి అడ్డంగా తీగ. ఆ పిల్లవాడు చేతులు చాచి అడిగిన తీగ అప్పటికి వచ్చింది. దాని గురించి ఊళ్లో ఎవరికీ ఆలోచనే రాలేదు. కోల ఏ ఇంటిదని తగువు పడటంలో అందరూ తీరిక లేకుండా ఉన్నారు.

ఊరేగింపు మా వీధిలోకి తిరిగింది. చిన్నాయన కోల పట్టుకుని ముందు నడుస్తున్నాడు. తీగ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. కోల కొస తీగకన్నా పైన ఉంది. తప్పెటలు ఆగాయి. వెనక్కి తిప్పకూడదు, ఆనించకూడదు, ఇంకో దారి లేదు. తీగ కోసేద్దామని ఒకడన్నాడు. సర్కారు తీగ, జైలుకు పోతావా అని ఇంకొకడు వాడి నోరు మూయించాడు. చిన్నాయన చేతులు వణుకుతున్నాయి. మొహమంతా చెమట.

అప్పుడు పూజారి మా అరుగు వైపు తిరిగాడు. ఆయన వెనకే ఊరంతా తిరిగింది. “నువ్వే చెప్పప్పా,” అన్నాడు. “కోల సంగతి నీకు తెలిసినట్ల ఇంగెవురికి తెలుసు?”

“ఇప్పుడు గుర్తొచ్చినాడా మా నాయన?” అని నేను గట్టిగానే అన్నాను.

నాయన నా వైపు చూడలేదు. కోల వైపు, తీగ వైపు, వణికే ఆ చేతుల వైపు చూశాడు. తరువాత ఎడమ చేయి ఎత్తి, అరచేయి బోర్లించి, కిందికి రెండు సార్లు నొక్కాడు.

ఆ సైగ ఎవరిదో నాయనకూ నాకూ తప్ప ఎవరికీ గుర్తు రాలేదు. చిన్నాయన కోల వంచాడు. ఇత్తడి బిళ్లలు గలగలమన్నాయి. తీగ కింది నుంచి దాటి, అవతల మళ్లీ నిటారుగా లేచింది. తప్పెటలు అందుకున్నాయి. ఊరేగింపు మా ఇంటి ముందు ఆగకుండానే ముందుకు పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. పశువు చావలేదు, చిన్నాయన చేయి పడిపోలేదు, ఆ ఏడు వానలు కూడా బాగానే కురిశాయి. అప్పటి నుంచి ప్రతి జాతరకూ అక్కడ కోల వంచుతూనే ఉన్నారు. ఇప్పుడది కూడా ఆచారమే. వంచే చోట ఆగి టెంకాయ కొడతారు.

వీధి ఖాళీ అయ్యాక నాయన తన ఎడమ అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

“వంచితే ఏమీ కాలేదు గదమ్మీ,” అన్నాడు.

నేను పోయి పక్కన కూర్చున్నాను, అంతే. మరునాడు పొద్దున్నే పావగడకు పోయే బండి ఒకటి మా అరుగు ముందు అలవాటుగా ఆగింది. తోలేవాడు నాయన అడిగే మాట కోసం కాసేపు చూశాడు. నాయన తల వంచుకుని కూర్చున్నాడు గానీ ఏమీ అడగలేదు. ఆ తరువాత బతికినన్నాళ్లూ ఆ పిల్లవాడి గురించి ఎవరినీ అడగలేదు.